ముగ్గుపిండి పట్టిచ్చిన పైపు

మా ఇంటి వెనుక గోడ మీద, స్నానాల గది కిటికీ పక్కన, సంక్రాంతికి అరచేతి వెడల్పున కనిపించిన చెమ్మ, ఉగాది నాటికి నేల దాకా పాకి సున్నాన్ని పెచ్చులు పెచ్చులుగా రాల్చడం మొదలుపెట్టింది. మధ్యలో చినుకైనా పడలేదు కాబట్టి, డాబా మీది ట్యాంకు నుంచి దిగే ముప్పావు ఇంచు సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపే కారుతోందని తెలుస్తూనే ఉంది. ఎక్కడ కారుతోందన్నదే అంతుచిక్కలేదు. నీరు పైపును పట్టుకుని జారి, పైపును గోడకు బిగించే క్లాంపు అడ్డుపడిన చోట గోడ మీదికి మళ్లుతుంది. అందువల్ల చెమ్మ ఉన్నచోటే పగులు ఉండాలని లేదు. ఈ సంగతి తట్టక, మరకకు ఎదురుగా ఉన్న జాయింటు చుట్టూ ఎపాక్సీ ముద్ద పులిమి ఒక ఆదివారం వృథా చేసుకున్నాను.

ఉపాయం అమ్మ చెప్పింది. పైపును పాత పంచెతో పొడిగా తుడిచి, పై నుంచి కింది దాకా ముగ్గుపిండి రుద్దమంది. పది నిమిషాల తరువాత నిచ్చెన ఎక్కి చూస్తే, సన్‌షేడుకు జానెడు ఎత్తున, తెల్లని పిండి మీద వెంట్రుకంత బూడిదరంగు గీత కనిపించింది. దాని కింద చెంబు కట్టి ఉంచితే రెండు గంటలకు లీటరు చేరింది; అంటే రోజుకు 12 లీటర్లు గోడ తాగుతోందన్నమాట.

పగిలిన చోట నాలుగు అంగుళాల ముక్క కోసి, కొత్త ముక్కను రెండు కప్లింగులతో (పైపు మొనలను కలిపే పొట్టి గొట్టాలతో) కలపడమే పని. తెల్లని యూపీవీసీ పైపుకు వాడే సొల్యూషన్ (అతికించే జిగురు) ఈ మీగడ రంగు పైపుకు సరిపోదని షాపులో అడిగి మరీ వేరే డబ్బా తెచ్చుకున్నాను. అయితే కోశాక రెండు చిక్కులు ఎదురయ్యాయి. పైపు గోడకు బిగించి ఉండడంతో కప్లింగులోకి దూర్చడానికి సందు లేదు. కింది మూడు క్లాంపులు వదులు చేసి, పైపును కాస్త ముందుకు లాగితే గాని ముక్క కూర్చోలేదు. రెండోది, పాత గేట్‌వాల్వు ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోక, కోసిన మొన నుంచి సన్నగా నీరు కారుతూనే ఉంది. తడి మీద సొల్యూషన్ పట్టదు. ట్యాంకులోని నీళ్లన్నీ పారబోయడానికి మనసొప్పలేదు. ప్లంబర్లు చేసే పద్ధతిలో, అంచులు తీసేసిన బ్రెడ్డు ముక్కను ముద్దగా నలిపి పై మొనలోకి కుక్కాను. ధార ఆగిన ఆ కొద్ది నిమిషాల్లోనే మొనలను తుడిచి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పైపుకూ కప్లింగుకూ సొల్యూషన్ పూసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి నెట్టి, ముప్పై లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకున్నాను. లోపలికి దిగే చెమ్మ నిలవకుండా కింది కుళాయిని రాత్రంతా తెరిచే ఉంచాను.

మర్నాడు ఉదయం కుళాయి జాలీ విప్పి వాల్వు తెరిస్తే, బ్రెడ్డంతా గంజిలా కరిగి బయటికి వచ్చేసింది. జాలీ విప్పకపోతే బ్రెడ్డు అక్కడే ఇరుక్కునేది. కప్లింగుల మీద మళ్లీ ముగ్గుపిండి రుద్దాను. సాయంత్రానికీ అది తెల్లగానే ఉంది. గోడ పూర్తిగా ఆరేదాకా సున్నం వేయవద్దని మేస్త్రీ చెప్పడం వల్ల మరక ఇంకా అలాగే ఉంది. గేట్‌వాల్వు మార్చే పనిని ట్యాంకు కడిగే రోజుకు వాయిదా వేశాను.