రాళ్లబండి తాతా, 11 కొట్టు

మన కాలేజీ బ్యాచ్ మళ్లీ కలిసే రోజుకి వేస్తున్న సంచికకి రెండు పేజీలు రాసివ్వమని తాత (మన బ్యాచ్‌వాడే, ముద్దుపేరు) మూడు వారాలుగా వెంటపడుతున్నాడు. కమిటీ కార్యదర్శి హోదాలో అడుగుతున్నాడట. "నీ గురించే రాస్తా, కత్తెర వెయ్యకూడదు" అన్నాను. సరేనన్నాడు. కాబట్టి ర్యాగింగు, టూరు, చివరిరోజు ఏడుపులు మిగతావాళ్లు రాసుకోండి. నాకు 2004 వానాకాలం, హాస్టల్లో 214 నంబరు గది చాలు.

బోర్లించిన బకెట్ మీద కంప్యూటర్లని కలిపే నెట్‌వర్క్ స్విచ్చి, వెంటిలేటర్లోంచి కింద గదికి కేబులు, మన పంతులుగాడి మానిటర్ మీద ఆరేసిన బనీను. ఆట కంప్యూటర్లో యుద్ధాలాడే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, కాంకరర్స్. పందెం గొట్టం కాజాలు. తాత ఎంచుకునే సైన్యం ఎప్పుడూ కొరియన్లే. గోడ కట్టుకుని లోపల కూర్చుని, ఆటలో ఆఖరి దశ ఇంపీరియల్ ఏజ్ రాగానే రాళ్లు విసిరే ఆరు ఓనేజర్లతో బయటికొచ్చేవాడు. మనందరికీ అవి రాళ్లబండ్లు. ముందు హాల్బర్డియర్లనే ఈటెల కాల్బలం, వెనక రాళ్లబండ్లు, నత్తనడక. మా సైన్యం హన్స్. నలభై గుర్రపు విలుకాళ్లని ఒక్కచోట పోగేసి ఎదురెళ్లేవాళ్లం. ఒక్క విసురుకి సగంమంది పోయేవారు. వెంటనే తాత ఆట చాట్‌లో 11 కొట్టేవాడు, ఆ అంకె కొడితే అందరికీ నవ్వు వినబడుతుంది. ఆ వెకిలి నవ్వు ఎనిమిది గదుల్లో ఒకేసారి మోగేది.

ఒక రాత్రి మెకానిక్స్ సార్ రౌండ్స్‌కి వచ్చారు. మానిటర్లన్నీ ఆర్పేశాం, తాత మాత్రం ఆర్పలేదు. గెలుస్తున్నాడు మరి. సార్ తిడతారని తలలు దించుకున్నాం. ఆయన పంతులు మంచం మీద కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, "ఊఁ, కానివ్వండి" అన్నారు. మళ్లీ మానిటర్లు వెలిగాయి, మళ్లీ చచ్చాం. ఆయన వాచీ చూసుకుంటున్నారు.

"ఆ రాయి గాల్లో సుమారు రెండు సెకన్లుంటోంది. మళ్లీ విసరడానికి ఆరు సెకన్లు. అది నువ్వున్నచోటికి రావట్లేదురా, విసిరినప్పుడు నువ్వెక్కడున్నావో అక్కడికొస్తోంది. అక్కడే నిలబడి చస్తావెందుకు?"

ఆయన లేచి వెళ్లిపోయారు. మర్నాడు క్లాసులో బోర్డు మీద ప్రొజెక్టైల్ లెక్క: రెండు సెకన్లు గాల్లో ఉండే రాయి, అడ్డంగా పరుగెత్తే గుర్రం. తాత తప్ప అందరం నవ్వాం.

ఆ వారమంతా విలుకాళ్లని మానేశాం. రాళ్లబండికి బాణాలు ఆనవు, కత్తి దెబ్బకి మాత్రం నిలవదు. హుస్సార్లనే తేలిక గుర్రపుదళం ఒక్కోటి 80 ఫుడ్డే, బంగారం అక్కర్లేదు. గుర్రాల వేగం పెంచే హస్బెండ్రీ చేయించాం. పదిహేను గుర్రాలు కంట్రోల్ 1 మీట కింద ఒక గుంపు, పదిహేను కంట్రోల్ 2 కింద ఇంకో గుంపు. మొదటి గుంపు ఎదురుగా కనబడాలి. రాయి లేవగానే రెండుగా చీలి పక్కకి పోవాలి. ఆ ఆరు సెకన్లలో రెండో గుంపు వెనకనుంచి దిగబడాలి. మరీ దగ్గరికి పోతే రాళ్లబండి విసరలేదు. పక్కనున్న ఇంకో బండి విసిరితే ఆ రాయి సొంతవాళ్ల మీదే పడుతుంది. శనివారం రాత్రి సరిగ్గా అదే జరిగింది. తాత హాల్బర్డియర్లు మా గుర్రాల వెంట వెనక్కి పరుగెత్తారు, తాత రాళ్లు వాళ్లనే నలిపేశాయి. పంతులు నా కీబోర్డు మీదికి వంగి, 11 కొట్టాడు. తాత ఆదివారం మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. కాజాలు మాత్రం కొన్నాడు, పాపం.

నిజం చెప్పాలంటే అన్నిసార్లూ గెలవలేదు. మైదానంలా ఉండే అరేబియా మ్యాపు అయితేనే మా ఆట. తాత తెలివిగా అడవులు నిండిన బ్లాక్ ఫారెస్ట్ మ్యాపు పట్టాడు. ఆ సందుల్లో గుర్రం ఎటు తిరుగుతుంది? ఓనేజర్ చెట్లని కూడా కొట్టుకుంటూ దారి చేసుకొస్తుంది. సార్‌ని అడిగితే, "ఇరుకులో ఇరుక్కున్నాక నన్నడిగితే ఏం లాభంరా, అక్కడికి రాకముందే కొట్టాలి" అన్నారు.

మెకానిక్స్ నాకు మూడో అటెంప్ట్‌లో పోయింది, అదే, పాసైంది. ఆ తర్వాత రెండేళ్లు ఎలా గడిచాయో గుర్తులేదు. ఇప్పుడు విశాఖలో క్రేన్ల మెయింటెనెన్స్ చేస్తున్నాను, అరవైమంది పనిచేస్తున్నారు. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఊగే బరువు లెక్క బోర్డు మీద నేనే చెబుతాను. మూడు అటెంప్టుల సంగతి చెప్పను.

మావాడు అదే ఆట కొత్త రూపం, డెఫినిటివ్ ఎడిషన్ ఆడతాడు. వాడూ కొరియన్లే, ఎవరి పోలికో. మొన్న వెనకనుంచి గుర్రాలు దింపితే, "నాన్నా, ఇది చీటింగ్" అన్నాడు.

తాతా, కలిసినరోజు రాత్రి కల్చరల్ ప్రోగ్రాం అన్నావు. స్విచ్చి నేను తెస్తాను, బకెట్ నువ్వు చూడు. సార్‌ని ముందు వరసలో కూర్చోబెట్టాలి, వాచీతో సహా. మ్యాపు అరేబియా. బ్లాక్ ఫారెస్ట్ అంటే నేను రాను.