కొత్త ఎగ్జాస్ట్ ఇంట్లోనే బిగించాలంటే: స్టడ్లు, గ్యాస్కెట్లు, బిగించే వరుస

బైకు ఎగ్జాస్ట్‌ని, అంటే పొగ గొట్టాన్ని, అందరూ శబ్దం విని కొంటారు. ఇంటికి తెచ్చాక మాత్రం కష్టమంతా రెండు చోట్లే: పాత నట్లు విరక్కుండా ఊడదీయడం, కొత్త జాయింట్లు లీకు లేకుండా కూర్చోబెట్టడం. మిగతాది స్పానర్ పట్టుకోవడం వచ్చిన ఎవరైనా చేసుకోగలిగిన పనే.

ముందు కొన్నదేమిటో తేల్చుకోండి. స్లిప్-ఆన్ అయితే వెనక ఉన్న సైలెన్సర్ ఒక్కటే మారుతుంది. బెండ్ పైపు, చాలా బళ్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) కూడా, కంపెనీవే ఉండిపోతాయి. ఫుల్ సిస్టమ్ అయితే ఇంజన్ హెడ్ నుంచి చివరిదాకా అన్నీ మారతాయి. మొదటిసారి చేసేవాళ్లు దానికి ఒక పూట పూర్తిగా కేటాయించుకోవాలి. స్లిప్-ఆన్‌తో పవర్ పెరుగుతుందన్న మాట పెద్దగా నమ్మకండి. బరువు తగ్గుతుంది, శబ్దం మారుతుంది, అంతే. క్యాట్ లేని ఫుల్ సిస్టమ్‌తో రోడ్డెక్కడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. శబ్దం తగ్గించడానికి సైలెన్సర్ చివర దూర్చే డీబీ కిల్లర్ వేసే బిగించండి, దాని బోల్టు మరలకు వేడికి తట్టుకునే లాకింగ్ ద్రవం ఉంటే వాడండి. అది వదులైతే ఊడి వెనక వచ్చేవాడి మీద పడుతుంది.

ఇప్పుడు స్టడ్ల సంగతి, అంటే ఇంజన్ హెడ్‌లో దిగి ఉండి నట్లతో పైపుని పట్టుకునే తల లేని బోల్టులు. హెడ్ అల్యూమినియం, స్టడ్ స్టీలు, చుట్టూ ఏళ్ల తరబడి వేడి, తేమ. నట్టు తుప్పుతో స్టడ్‌కి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా లాగితే నట్టు రాదు, స్టడ్డే తెగుతుంది. తెగిన స్టడ్ మొన హెడ్ లోపలే ఉండిపోతే ఇంట్లో తేలే పని కాదు, డ్రిల్లింగ్, కొత్త మరలు కోయడం దాకా వెళ్తుంది. అందుకే ముందు రోజు రాత్రే వైర్ బ్రష్‌తో బయటికి కనిపించే మరలు శుభ్రం చేసి, చల్లటి ఇంజన్ మీద పెనిట్రేటింగ్ ఆయిల్ పోసి వదిలేయండి. పొద్దున మళ్లీ ఒకసారి పోయండి. వేడి పైపు మీద మాత్రం పోయొద్దు, అంటుకుంటుంది. విప్పేటప్పుడు మొదట బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పండి. కొంచెం వచ్చి బిగుసుకుంటే వెనక్కి తిప్పి, ఇంకాస్త ఆయిల్ పోసి మళ్లీ ప్రయత్నించండి. పన్నెండు మూలల సాకెట్ కన్నా ఆరు మూలల సాకెట్ మేలు, నట్టు మూలలు అరగవు. నట్టుతోపాటు స్టడ్ మొత్తం వచ్చేసినా దిగులక్కర్లేదు. కొత్త స్టడ్ వేసుకుంటే సరి.

పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బళ్లలో పైపు లాగే ముందు దాని ప్లగ్ విప్పండి. ప్లగ్ ఉంచేసి సెన్సర్ తిప్పితే వైరు మెలికపడి లోపలే తెగుతుంది. పక్కన చీలిక ఉన్న సెన్సర్ సాకెట్ ఉంటే పని తేలిక. కొత్త పైపులో సెన్సర్ రంధ్రం ఉందో లేదో, ఉంటే ఏ సైజో కొనే ముందే చూడాలి. 12 మి.మీ. మర ఉన్న సెన్సర్‌ని 18 మి.మీ. రంధ్రంలో పెట్టాలంటే అడాప్టర్ కావాలి. కొన్ని బళ్లలో ఎగ్జాస్ట్ లోపల మోటారుతో తిరిగే వాల్వు ఉంటుంది. దాన్ని తీసేస్తే ఇంజన్ లైటు వెలుగుతుంది, ఆ మోటారు ఇంకా ఉందని బండిని నమ్మించే సర్వో ఎలిమినేటర్ విడిగా కొనాలి.

పాత పైపు వచ్చాక హెడ్‌లో పొగ బయటికొచ్చే రంధ్రం, అంటే పోర్టులోకి టార్చి కొట్టి చూడండి. హెడ్‌కీ పైపుకీ మధ్య లీకు ఆపే పాత రాగి రింగు, అంటే గ్యాస్కెట్, నలిగి, మసిపట్టి హెడ్‌లో భాగంలాగే కనిపిస్తుంది. చాలామంది అది ఉందనే గమనించక దాని మీదే కొత్తది పెట్టేస్తారు. అప్పుడు పైపు సరిగా కూర్చోదు, ఎంత బిగించినా లీకు ఆగదు. సన్నటి కొక్కెంతో అంచు పైకెత్తి, పోర్టు గోడకి గీత పడకుండా బయటికి లాగాలి. గ్యాస్కెట్ ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు. కొత్తది చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. కొత్తదాన్ని రెండు చోట్ల చిటికెడు గ్రీజుతో అంటిస్తే, పైపు ఎత్తేటప్పుడు జారిపడదు. ఆ గ్రీజు తర్వాత కాలిపోతుంది.

బిగించడంలో అందరూ తప్పేది వరుస. సైలెన్సర్ బ్రాకెట్ ముందు గట్టిగా బిగించి, తర్వాత హెడ్ దగ్గర నట్లు లాగితే పైపు ఒత్తిడితో వంగి నిలబడుతుంది. రోజూ వేడెక్కి సాగి, చల్లారి కుదించుకునే పైపుకి ఆ ఒత్తిడి ఎక్కడో ఒకచోట బయటపడాలి, సాధారణంగా బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర పగులుతుంది. కాబట్టి మొత్తం ఎగ్జాస్ట్‌ని చేత్తో తిప్పేంత వదులుగా ఎక్కించండి: హెడ్ నట్లు, మధ్య జాయింట్, క్లాంప్, హ్యాంగర్ బోల్టు, అన్నీ. పైపు తనంతట తాను కూర్చున్నాక ఇంజన్ నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. హెడ్ దగ్గర రెండు నట్లూ మార్చి మార్చి అర చుట్టు చొప్పున బిగించాలి; ఫ్లాంజ్‌కీ (పైపు చివర నట్లు పట్టే పలక) హెడ్‌కీ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. బిగింపు బలం (టార్క్) 6 మి.మీ. స్టడ్లకి సాధారణంగా 10–12, 8 మి.మీ. స్టడ్లకి 20 పైచిలుకు న్యూటన్ మీటర్లు. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ఫైనల్. మరలు అతుక్కుపోకుండా వాడే యాంటీ-సీజ్ పేస్టు పూస్తే, పొడి మరలకు ఇచ్చిన అంకె కంటే కొంచెం తక్కువ బిగించండి, లేదంటే స్టడ్ సాగిపోతుంది. ఆ పేస్టు సెన్సర్ మొనకి అంటకూడదు.

సైలెన్సర్‌ని ఫ్రేముకి వేలాడదీసే పాత హ్యాంగర్‌లోని రబ్బరు బుష్, దాని లోపలి స్టీలు కాలర్ రెండింటినీ కొత్త సైలెన్సర్‌కి మార్చాలి. కాలర్ మర్చిపోతే బోల్టు రబ్బరుని పిండేస్తుంది, కొన్నాళ్లకు వైబ్రేషన్‌కి బ్రాకెట్ విరుగుతుంది. సెంటర్ స్టాండ్ ఆగే రబ్బరు చాలా బళ్లలో పాత సైలెన్సర్ మీదే ఉంటుంది. అది లేకపోతే స్టాండ్ పైకి లేచి చైన్‌కో స్వింగ్ ఆర్మ్‌కో తగులుతుంది. జాయింట్లని పట్టి ఉంచే స్ప్రింగులకి స్ప్రింగ్ పుల్లర్ వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో తోస్తే జారి చేతిలో దిగుతుంది. అన్నీ బిగిశాక వెనక మీద ఇద్దరు కూర్చుని సస్పెన్షన్ పూర్తిగా కుంగినా, సైలెన్సర్ స్వింగ్ ఆర్మ్‌కి, బ్రేక్ హోస్‌కి, టైరుకి తగలకూడదు.

స్టార్ట్ చేసే ముందు పైపుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. వేలిముద్రలోని జిడ్డు ఒక్కసారి కాలితే స్టెయిన్‌లెస్ స్టీలు మీద చెరగని మచ్చవుతుంది. మొదటి కొన్ని నిమిషాలు కాస్త పొగ వస్తుంది, అది తయారీలో మిగిలిన నూనె. గాలి ఆడే చోటే స్టార్ట్ చేయండి.

లీకు చూడాలంటే ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడే వెనక చివర నుంచి బ్లోయర్‌తో గాలి ఊది, జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు పూయండి. బుడగలు వచ్చిన చోటు లీకు. హెడ్ దగ్గర లీకైతే టిక్ టిక్‌మని శబ్దం వస్తుంది, దాన్ని వాల్వు శబ్దమనుకుని ట్యాపెట్లు సర్దడానికి పోతారు. సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఇంజన్‌లో పెట్రోలు తక్కువైందనుకుని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమంటే ముందు లీకునే అనుమానించాలి. ఫుల్ సిస్టమ్ వేశాక పూర్తి థ్రాటిల్‌లో పెట్రోలు, గాలి మిక్చర్ పల్చబడొచ్చు, అంటే పెట్రోలు పాలు తగ్గొచ్చు. అలాంటి చోట కార్బ్యురేటర్ బండికి పెద్ద మెయిన్ జెట్ (పెట్రోలు వదిలే సూక్ష్మ రంధ్రమున్న భాగం), ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండికి ఈసీయూ ట్యూనింగ్ కావాలి. ఆక్సిజన్ సెన్సర్ సర్దేది మామూలు వేగాల్లోనే, పూర్తి థ్రాటిల్‌లో కాదు.

ఒకటి రెండుసార్లు వేడెక్కి చల్లారాక, లేదా మొదటి 100 కిలోమీటర్ల లోపు, చల్లటి ఇంజన్ మీద అన్ని నట్లనీ మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో సరిచూడండి. గ్యాస్కెట్ కొంచెం నలిగి కూర్చుంటుంది, నట్లు ఆ మేరకు వదులవుతాయి.