పానగల్లు నీడ, పుట్టపాక రంగులు: ఒక చిన్న గేమ్‌కు బొమ్మతీరు కుదిర్చిన అనుభవం

నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోళుల కాలపు త్రికూటాలయం. నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదాంట్లో లింగం మీద నిలువుగా ఒక నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ పక్కకు జరగదు. ఆడేవాళ్లు మండపంలో తిరుగుతూ ఆ సంగతి తామే కనిపెట్టేలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒక చిన్న గేమ్ తయారుచేశాను. రెండో ఘట్టం మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి కింద. గుడి అచ్చం ఫోటోలా ఉండాలా, గేమ్‌కు తనదైన బొమ్మతీరు ఉండాలా అన్నది తేల్చుకోవడానికి రెండు దారుల్లోనూ పని చేసి చూశాను. ఇది ఆ పని వివరం. ఇలాంటిది మొదలుపెట్టేవాళ్లకు కొంత శ్రమ తప్పుతుంది.

ముందు ఫోటో దారి. వందల ఫోటోల నుంచి త్రీడీ రూపం తీసే ఫోటోగ్రామెట్రీకి మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కానీ లోతు లెక్కగట్టే దశకు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. గుడి రక్షిత కట్టడం, పైగా పూజలు జరిగే చోటు. కాబట్టి పురావస్తు శాఖనూ గుడివాళ్లనూ ముందే అడగాలి. ఫోటోలు మబ్బు పట్టిన రోజు తీయాలి. ఎండలో తీస్తే ఆ నీడలు రాతి రంగులో కలిసిపోయి, గేమ్‌లో వెలుగు ఎటు తిప్పినా అక్కడే ఉండిపోతాయి. ఒక్కో ఫోటో దాని పక్క ఫోటోతో 70 నుంచి 80 శాతం కలవాలి. ఐఎస్‌ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి. జూమ్ కదపకూడదు, ఫ్లాష్ వాడకూడదు. కొలిచిన మీటరు కర్ర ఒకటి ఫోటోల్లో పడేలా పెట్టాలి. అది లేకపోతే వచ్చిన రూపానికి కొలత ఉండదు, గుడి అరచేతంత ఉందో అసలంత ఉందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

గోడలు, మెట్లు, గరుకు రాళ్లు బాగా వస్తాయి. దెబ్బతినేది నునుపైన నల్లరాతి స్తంభాల దగ్గర. మనం ఒక అడుగు పక్కకు వేస్తే రాతి మీది మెరుపు కూడా జరుగుతుంది. రెండు ఫోటోల్లో కనబడేది ఒకే చుక్క అని సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టలేక అక్కడ బొక్కలో గడ్డలో పుట్టిస్తుంది. నూనె, అభిషేకం తడి ఉన్న రాయికీ ఇదే గతి. ఆ స్తంభాలు లేతు మీద తిప్పినట్టు గుండ్రంగా ఉంటాయి కనుక ఫోటోలతో తంటాలు పడకుండా, పక్క అంచు గీత ఒకటి గీసి, త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో గీతను గుండ్రంగా తిప్పి రూపం చేసే స్క్రూ మాడిఫయర్‌తో తిప్పేస్తే సరిపోతుంది. నడుమ వచ్చే చదరపు దిమ్మెలు మాత్రం చేత్తో చేయాలి. ఇలా చేసిన స్తంభం శుభ్రంగా, తక్కువ త్రిభుజాలతో (త్రీడీ రూపాలు వీటితోనే కట్టేది) వస్తుంది.

అసలు బరువు టెక్స్చర్లది, అంటే రూపం మీద పరిచే బొమ్మలది. 4096×4096 టెక్స్చర్ ఒకటి కుదించకపోతే 64 ఎంబీ, ఫోన్లలో వాడే ఏఎస్‌టీసీ 4×4 కుదింపుతో 16 ఎంబీ. నిజమైన రాయిలా కనబడాలంటే రంగుకు ఒకటి, ఎత్తుపల్లాలకు ఒకటి, గరుకుదనానికి ఒకటి, మొత్తం మూడు కావాలి. దూరం నుంచి చూసేటప్పుడు వాడే చిన్న నకళ్లు, అంటే మిప్‌మ్యాప్‌లు కలిపితే ఒక్క భాగానికే 64 ఎంబీ. గుడిని 5 భాగాలు చేస్తే 320 ఎంబీ జీపీయూ (బొమ్మలు గీసే చిప్) మెమరీ. 4 జీబీ ర్యామ్ ఫోన్లో ఆండ్రాయిడ్ తన వాటా తాను తీసుకున్నాక ఒక చిన్న గేమ్‌కు ఇది పెద్ద బరువు. 2048కు దిగితే పావు వంతు అవుతుంది, కానీ అప్పుడు దగ్గరకు వెళ్లి చూసే చెక్కడం మసకబారుతుంది. ఇంత కష్టపడింది ఆ చెక్కడం కోసమే కదా!

ఇక నీడ. ఫోటోలా కనిపించే గ్రాఫిక్స్ మీద నా నమ్మకం సడలింది ఇక్కడే. గేమ్ ఇంజన్లో సూర్యుడంటే ఒకే దిక్కు నుంచి వచ్చే వెలుగు. దాని నీడలు షాడో మ్యాప్‌తో, అంటే వెలుగు వైపు నుంచి చూసి కొలిచిన లోతు బొమ్మతో గీస్తారు, పొద్దు కదిలితే నీడా కదులుతుంది. పానగల్లు నీడ కదలదంటే అది నేరుగా పడే ఎండ నీడ కాదు. మండపం తెరపిల గుండా వేర్వేరు వైపుల నుంచి పరచుకొని వచ్చే ఆకాశపు వెలుగును స్తంభాలు అడ్డుకోవడం వల్ల పడేది. రాతి మీది ప్రతి గీతా అచ్చంగా దించి, ఖరీదైన టెక్స్చర్లన్నీ పరిచి, సూర్యుడిని పెట్టి చూస్తే గుడి ఫోటోలా ఉంటుంది, కానీ గుడికి పేరు తెచ్చిన నీడ ఉండదు. పైకి నిజంలా కనబడటం వేరు, నిజం కావడం వేరు.

ఆ నీడ రావాలంటే వెలుగును ముందే లెక్కగట్టి బొమ్మగా ఉంచాలి, దీన్నే బేక్ చేయడం అంటారు. బ్లెండర్‌లో వెలుగు లెక్కగట్టే సైకిల్స్‌లో సూర్యుడి దీపం తీసేసి, ఆకాశం వెలుగు మాత్రమే పెట్టి, బేక్ రకం డిఫ్యూజ్‌గా ఎంచుకొని, డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ రెండూ ఉంచి, కలర్ టిక్కు తీసేయాలి. వచ్చేది వెలుగు మాత్రమే ఉన్న బూడిదరంగు బొమ్మ. స్తంభాల మధ్య దూరాలు, గర్భగుడి వాకిలి వెడల్పు టేపుతో కొలిచినవే ఉండాలి. కంటి అంచనాతో పెడితే నీడ నడుమ నిలవదు. గేమ్ ఇంజన్‌లోని లైట్‌మ్యాప్‌నే (బేక్ చేసిన వెలుగు బొమ్మనే) వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి: నేను వాడిన ఇంజన్ గోడో ఇంపోర్ట్‌లో టెక్సెల్ (వెలుగు బొమ్మలో ఒక చుక్క) సైజు మొదట 0.2 ఉంటుంది, అంటే 20 సెంటీమీటర్లకు ఒక చుక్క. లింగం వెడల్పుకు రెండు మూడు చుక్కలే వస్తాయి. ఆ గర్భగుడి ఒక్కదానికి 0.02కు దించాలి.

ఇంత చేసినా ఫోటో తీరులో ఆ నీడ ఫోన్ తెర మీద నిలబడలేదు. గుడిలోకి అడుగుపెట్టిన మనిషి కన్ను చీకటికి అలవాటుపడి చిన్న తేడాను కూడా పడుతుంది. ఎండలో పట్టుకున్న ఫోను తెరకు ఆ వెసులుబాటు లేదు. తేడాను పెంచితే మిగతా గోడలన్నీ అసహజంగా నల్లబడతాయి. పెంచక తప్పదన్నప్పుడు, ఆ పెంచడాన్నే గేమ్ మొత్తానికి ఒక తీరుగా మార్చుకోవడం మేలనిపించింది.

ఈ మలుపు ఇంతకు ముందు పేరున్న గేమ్‌లకూ ఎదురైనదే. 2006లో వచ్చిన ఓకామి మొదట వాస్తవ రూపంతోనే మొదలైంది. ప్లేస్టేషన్ 2 ఆ బరువు మోయలేకపోవడంతో జపాన్ సిరా కుంచె తీరుకు మళ్లింది, ఇప్పుడు దాన్ని తలుచుకునేది ఆ కుంచె కోసమే. 2018 నాటి రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ రెండే రంగులతో నడుస్తుంది. మన దేశంలో 2020లో వచ్చిన ‘రాజీ’ అనే గేమ్ పహాడీ చిత్రాల నుంచి, తోలుబొమ్మల నుంచి రూపం తీసుకుంది. మనకు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న ప్రశ్నకు పాత నల్లగొండ జిల్లాలోనే జవాబుంది: పుట్టపాక తేలియా రుమాలు. ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు, నూలును కట్టు కట్టి రంగు అద్ది ఆ తర్వాత నేసే పని, 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు. మూడు రంగులంటే మూడు వెలుగు మెట్లు. తెర మీది ప్రతి చుక్క రంగు తేల్చే చిన్న ప్రోగ్రామ్, అంటే షేడర్ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి!

షేడర్ మూలం సులువు. బేక్ చేసిన వెలుగు విలువ 0.25 లోపు ఉంటే నలుపు, 0.7 దాకా ఎరుపు, ఆపైన తెలుపు. ఇలా గీస్తే అంచు కత్తితో కోసినట్టు వస్తుంది, రుమాలులో అలా ఉండదు. కట్టు కట్టిన నూలు మగ్గం మీద పోగుకో పిసరు జరుగుతుంది కాబట్టి రంగు అంచు పోగు పోగుకూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ కదలిక పోగు పొడవునే ఉంటుంది, అడ్డంగా ఉండదు. అందుకే మామూలు నాయిస్ టెక్స్చర్ కలిపితే అది మరకలా కనబడుతుంది తప్ప నేతలా కనబడదు. యూవీని (టెక్స్చర్ గోడ మీద ఎక్కడ పడాలో చెప్పే అంకెలను) పోగులుగా విడగొట్టి, పోగు సంఖ్యను బట్టి ఒక్కో పోగుకు ఒకే విలువ, 0.08కు అటూ ఇటూ, వెలుగుకు కలపాలి. పేక దిక్కున ఒకసారి, పడుగు దిక్కున ఒకసారి చేస్తే రెండు వైపులా కట్టిన నేత రూపం వస్తుంది.

ఈ పోగులను తెరకు అంటించకూడదు. అంటిస్తే నడుస్తున్నప్పుడు గుడి కదులుతుంటే నేత మాత్రం అద్దం మీది మురికిలా అక్కడే నిలిచిపోతుంది. ఓబ్రా డిన్ చేసిన లూకాస్ పోప్ చుక్కల నమూనాను కెమెరా చుట్టూ ఉన్న గోళం మీద పరిచి, తల తిప్పినప్పుడు బొమ్మతో పాటే తిరిగేలా చేశాడు. నేను గోడలకే అంటించాను. దీనికీ ఒక చిక్కుంది: దూరంగా వెళ్లేకొద్దీ పోగులు సన్నబడి మినుకుమంటాయి. పోగు వెడల్పు 2 పిక్సెళ్లకు తగ్గగానే పక్క పిక్సెల్‌కు విలువ ఎంత మారిందో చెప్పే ఎఫ్‌విడ్త్‌తో పట్టుకొని ఆ ఎగుడుదిగుడును మెల్లగా సున్నాకు తేవాలి.

బేక్ బొమ్మ విషయంలో జాగ్రత్తలు మారిపోతాయి. ఫోటో తీరులో కనబడని చిన్న రవ్వ కూడా మూడు రంగులకు కోసినప్పుడు నల్లమచ్చ అవుతుంది. ఒక్కో చుక్కకు వెలుగు లెక్కగట్టే సార్లు, అంటే శాంపిళ్లు 2048కు పెంచి, వచ్చిన బొమ్మను రవ్వలు తుడిచే డీనాయిజ్ నోడ్ గుండా పంపాలి. ఏఎస్‌టీసీ కుదింపు వద్దు, దాని 4×4 గడులు అంచుల్లో మెట్లుగా బయటపడతాయి. ఒకే చానల్ 512×512 బొమ్మ కుదించకపోయినా 256 కేబీయే. షేడర్‌లో దీనికి సోర్స్ కలర్ హింట్ (ఇది రంగు బొమ్మ అని ఇంజన్‌కు చెప్పే గుర్తు) పెట్టకూడదు. మూడు రంగుల పట్టీకి మాత్రం తప్పక పెట్టాలి, లేదంటే రుమాలు ఎరుపు గులాబీకి దిగుతుంది. వెలుగును తెరకు సర్దే టోన్‌మ్యాపర్ లీనియర్‌లోనే ఉంచాలి, వెలుగు చుట్టూ కాంతి అద్దే గ్లో ఆపేయాలి.

రూపాల అంచుకు గీసే నల్ల గీతల దగ్గర ఫోన్ పరిమితి ఎదురొస్తుంది. లోతు, నార్మల్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిక్కు) బొమ్మల నుంచి అంచులు పట్టే పద్ధతికి గోడోలో నార్మల్ రఫ్‌నెస్ బఫర్ కావాలి. గోడోలో బొమ్మ గీసే మూడు పద్ధతుల్లో (రెండరర్లు) అది ఫార్వర్డ్ ప్లస్‌లోనే దొరుకుతుంది, మొబైల్, కంపాటిబిలిటీల్లో దొరకదు. కాబట్టి పాత పద్ధతే: అదే రూపాన్ని రెండోసారి గీసి, ముందు ముఖాలు దాచి, నార్మల్ దిక్కున కాస్త ఉబ్బించి నలుపు పూయాలి. రాతి పదును అంచుల్లో నార్మళ్లు విడిపోయి ఉంటాయి కనుక గీత అక్కడ చీలుతుంది. నునుపు చేసిన నార్మళ్లను వర్టెక్స్ కలర్‌లో (త్రిభుజాల మూలలకు ఇచ్చే రంగులో) దాచుకొని, ఉబ్బించడానికి వాటినే వాడాలి.

పిల్లలమర్రికి ఫోటోగ్రామెట్రీ అసలు పనికిరాదు. ఆకు గాలికి కదులుతుంది, సన్నటి ఊడలు ఒకదాన్నొకటి కమ్మేస్తాయి. ఆకుల బొమ్మ ఉన్న పలుచటి పలకలు, అంటే కార్డులు పేర్చినా, ఒక్కో కార్డు వెలుగును ఒక్కో తీరుగా పట్టి, మూడు రంగుల్లో చెట్టంతా పేలాల్లా చెదురుతుంది. ఒక్కో గుబురుకు ఒక గోళం పెట్టి, దాని నార్మళ్లను కార్డులకు బదిలీ చేస్తే గుబురు మొత్తం ఒకే ముద్దగా వెలుగు పడుతుంది. కార్డులు తగ్గించడమూ ముఖ్యమే, ఒకదాని వెనక ఒకటి పడిన ప్రతి కార్డునూ ఫోన్ జీపీయూ మళ్లీ గీయాలి.

రంగుల్లో ఒక ప్రమాదం ఉంది. ఎరుపును సరిగా పట్టలేని కళ్లకు రుమాలు ఎరుపు దాదాపు నలుపే. లింగం మీది నీడ ఎరుపు నలుపుల మధ్య పడితే వాళ్లకు గేమే లేదు. ఆ ఒక్క చోట హద్దులు మార్చి, నీడ తెలుపు మీద నల్లగా పడేలా చేశాను. ఎరుపు సరిగా కనబడని చూపును అనుకరించే అమరికలో తెరను చూస్తే ఇలాంటివి బయటపడతాయి.

ఇదంతా చదివి ఫోటో తీరు దండగ అనుకోవద్దు. గుడి ఇప్పుడున్న స్థితిని భద్రపరచాలంటే ఫోటోగ్రామెట్రీయే సరైనది, అక్కడ రుమాలు రంగులు పూయడం తప్పు. రేసింగ్, విమానాల ఆటల్లో కూడా అసలు రూపానికి విలువుంది. బొమ్మతీరు చవకైన దారి అనుకోవడం కూడా సరికాదు. ఇక్కడ ప్రతి రాయికీ ఒక నియమం కావాలి, ఒక్క వస్తువు నియమం తప్పినా కంటికి గుచ్చుకుంటుంది. మార్కెట్‌లో కొన్న ఏ మోడల్ కూడా ఇందులో నేరుగా కుదరలేదు.

చివరి పరీక్ష ఏసీ గదిలో చేయకండి. నల్లగొండ మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫోను వేడెక్కగానే జీపీయూ వేగం తనంతట తానే తగ్గించుకుంటుంది. మొదటి నిమిషంలో 60 ఫ్రేములు వచ్చినా, కేసు తొడిగిన ఫోన్లో, చార్జింగ్ పెట్టి, అరగంట ఆడించాక వచ్చే అంకే అసలు అంకె. నేను 30 ఫ్రేములకు కట్టేసి, ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లలో 20 మించకుండా చూసుకున్నాను. మిగిలిన 13 వేడి కోసం వదిలేసినవి.