యానాంలో దిగకండి

అమలాపురం నుంచి కాకినాడ బస్సెక్కితే ఎదుర్లంక వారధి దాటగానే యానాం. పుదుచ్చేరి కిందికొచ్చే ఊరు కాబట్టి అక్కడ మందు రేటు వేరు, షాపులకూ కొదవలేదు. కాకినాడలో ఆరింటికి మొదటి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్రూపు) మీటింగు ఉందని మూడింటికే ఇంట్లోంచి బయల్దేరిన మనిషి యానాం చేరేసరికి ఇంకా నాలుగు కూడా దాటదు. చేతిలో రెండు గంటలు, జేబులో డబ్బులు. మీటింగు తప్పిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. అందుకే మొదటి మీటింగుకు ఎలా వెళ్లాలని ఎవరైనా అడిగితే ముందు బస్సు టైము గురించి చెబుతాను, తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్ల గురించి తర్వాత. నేరుగా వెళ్లే బస్సు చూసుకోండి, మీటింగుకు అరగంట ముందు దిగేలా బయల్దేరండి, టికెట్టుకూ టీకీ సరిపడా డబ్బే పెట్టుకోండి.

దానికంటే ముందు ఇంకొక మాట. పొద్దున్నే చేతులు వణికి, కాస్త మందు పడితేగానీ కాఫీ గ్లాసు పట్టుకోలేని స్థితి ఉంటే మొదట వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి. అలాంటివాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, నాలుగో రోజులోపు, లేని మనుషులు కనిపించడం, ఎక్కడున్నదీ తెలియకపోవడం జరిగితే అది గాలి సోకడం కాదు, 108కి ఫోన్ చేయాల్సిన పరిస్థితి. నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ సెలైన్ పెట్టించడం మన వైపు అలవాటు. బాగా తాగేవాళ్లకు థయమిన్ అనే బి1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. మీటింగు వైద్యం కాదు. అక్కడ డాక్టరు ఉండడు, మాత్రలివ్వరు.

గ్రూపు ఎక్కడుందో కనుక్కోవడానికి ఏఏ ఇండియా వెబ్‌సైటు చూడొచ్చు, పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగొచ్చు, మత్తు విడిపించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయొచ్చు. దొరికిన అడ్రసును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. గది మారుతుంది, రోజు మారుతుంది, పండక్కి మీటింగు ఎత్తేస్తారు. వెళ్లే రోజు పొద్దున ఫోన్ చేసి అడగండి: ఇవాళ ఉందా, ఓపెన్ మీటింగా క్లోజ్‌డా, ఏ గేటు? ఓపెన్‌కి ఎవరైనా రావచ్చు. క్లోజ్‌డ్ మాత్రం తాగుడు మానాలనుకునేవాళ్లకే. తోడొచ్చిన బావమరిది బయట టీ కొట్టు దగ్గర కూర్చోవాల్సిందే.

గేటు సంగతి చిన్నది కాదు. మీటింగులు ఎక్కువగా స్కూలు గదుల్లోనో చర్చి ఆవరణలోనో జరుగుతాయి. సాయంత్రానికి పెద్ద గేటుకు తాళం పడుతుంది, పక్క సందులో చిన్న గేటు తెరిచి ఉంటుంది. బోర్డు ఉండకపోవచ్చు. వాచ్‌మన్ని అడగాలంటే నోరు రాదు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వెనక్కి వెళ్లిపోతారు. కాబట్టి పొద్దున మాట్లాడిన నెంబరుకే మళ్లీ కొట్టి, ‘గేటు దగ్గరున్నానండి, నీలం చొక్కా’ అనండి. ఎవరో ఒకరు వస్తారు. చర్చి గది అనగానే మతంలో కలిపేస్తారేమోనని కొందరి భయం. ఏఏకి ఏ మతంతోనూ సంబంధం లేదు, గది వాడుకుంటారంతే. దేవుడి మాట వస్తుంది, ఆ దేవుడెవరన్నది మీ ఇష్టం.

సొంత ఊళ్లో ఎవరైనా చూస్తారనుకుంటే పక్క ఊరికి వెళ్లండి. పాలకొల్లు మనిషికి రైలెక్కితే భీమవరం ఎంతసేపు!

లోపల గంట, గంటన్నర. కుర్చీలు, టీ, బిస్కెట్లు. ఉన్నది నలుగురే కావచ్చు. మొదట ఒక నిమిషం మౌనం, తర్వాత కొంత చదువుతారు, ఆపైన ఒక్కొక్కరు పేరు చెప్పి ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని మొదలుపెడతారు. ఇంటిపేరు, ఊరు, కులం ఎవరూ అడగరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహాలుండవు. మన పెళ్లిళ్లలో, పంచాయతీల్లో కనిపించని మర్యాద ఇది. మీ వంతు వస్తే ‘ఇవాళ వినడానికొచ్చాను’ అంటే చాలు. చందాల బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు వేయక్కర్లేదు. ఫీజు లేదు. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుబోతులే, కూర్చుని మాట్లాడుకోవడంతో పుట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ దాదాపు అంతే.

మానడం మనవాళ్లకు రాదని కాదు. అయ్యప్ప మాలలో 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మాల తీసిన సాయంత్రమే అసలు చిక్కు. గ్రూపు పనికొచ్చేది ఆ సాయంత్రానికే. కొత్తల్లో 90 రోజుల్లో 90 మీటింగులని ఏఏలో ఒక మాట ఉంది. వారానికి ఒక్క మీటింగు జరిగే చోట అది కుదరదు, మిగతా రోజులకు ఆన్‌లైన్ మీటింగులు, ఫోన్లు. ఆడవాళ్లు ముందే ఫోన్‌లో మహిళా సభ్యుల నెంబరు అడగండి, గదిలో మీరొక్కరే కావడం మామూలే. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే గ్రూపు ఉంది. తాగేమనిషికి తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్ర కలిపే పని మాత్రం వద్దు. దాని మీద మందు పడితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు.

లేచేముందు రెండు ఫోన్ నెంబర్లు అడిగి తీసుకోండి. తిరుగు బస్సు కూడా యానాం మీదుగానే వస్తుంది. అక్కడ ఆగిన రెండు మూడు నిమిషాలూ ఆ నెంబర్లలో ఒకదానికి ఫోన్ చేసి, వారధి ఎక్కేదాకా మాట్లాడుతూ ఉండండి.