ఉగ్రం: సింహాద్రి అప్పన్న సన్నిధిలో ఒక మాట

వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో నిజరూప దర్శనానికి వరుసలో నిలబడినవారి నోట ఏటా ఒక మాట వినబడుతుంది: "స్వామి ఉగ్రమూర్తి, అందుకే ఏడాది పొడవునా చందనంలో ఉంచుతారు." విశాఖలో పుట్టి పెరిగిన నేను కూడా ఉగ్రమంటే కోపమనే చాలాకాలం అనుకున్నాను.

"ఉగ్రం వీరం మహావిష్ణుం జ్వలంతం సర్వతోముఖం, నృసింహం భీషణం భద్రం మృత్యుమృత్యుం నమామ్యహం" అనే 32 అక్షరాల నరసింహ మంత్రానికి, మంత్రరాజమని పేరున్న దానికి, ఆ మాటే మొదలు. కోపమే అర్థమైతే, అదే మంత్రంలో భీషణం పక్కనే మంగళవాచకమైన భద్రం ఎందుకున్నదన్న సందేహం నన్ను నిఘంటువుల దగ్గరకు నడిపించింది.

ఉగ్ర శబ్దానికి ఓజస్సు దగ్గరి చుట్టం. సంస్కృతంలో ఉగ్రునికంటే మిక్కిలి ఉగ్రుడైనవాణ్ణి ఓజీయుడనీ, అందరినీ మించినవాణ్ణి ఓజిష్ఠుడనీ అంటారు. ఋగ్వేదంలో ఇంద్రునికీ మరుత్తులకూ ఈ విశేషణం వాడినప్పుడు అందులో నింద లేదు. పొంగి పెరిగే బలం, వెనుదీయని చేవ అక్కడి భావం. వ్యాకరణ సంప్రదాయం మరొక దారిలో, కూడికను చెప్పే "ఉచ" ధాతువు నుండి దీన్ని సాధించింది. ధాతువుల నుండి పదాలు పుట్టిన తీరు చెప్పే ఉణాది సూత్రాలలో ఉగ్ర శబ్దాన్ని సాధించిన సూత్రంలోనే వజ్ర, భద్ర శబ్దాలు కూడా ఉండటం నాకు ముచ్చటగొలిపింది. నేటి వార్తల్లో "ఉగ్రవాది" అన్న మాట స్థిరపడిన తరువాత ఈ పాత చేవ మన చెవికి ఎక్కడం కష్టమే.

అన్నిటికంటే నన్ను పట్టి నిలిపినది నృసింహతాపనీయోపనిషత్తు చెప్పిన నిర్వచనం. స్వామిని ఉగ్రుడని ఎందుకు అంటారని ప్రశ్న వేసి, తన మహిమతో సర్వలోకాలనూ, దేవతలనూ, భూతాలనూ "ఉద్గృహ్ణాతి", అంటే పైకెత్తి పట్టుకుంటాడు గనుక అని ఆ ఉపనిషత్తు సమాధానమిస్తుంది. శబ్దశాస్త్రజ్ఞులు దీన్ని వ్యుత్పత్తిగా ఒప్పుకోకపోవచ్చు, కాని ఉపాసకునికి కావలసిన అర్థం ఇదే. పైగా మన అప్పన్న వట్టి నరసింహుడు కాడు. భూమిని కోరపై ఎత్తిన వరాహ ముఖంతో, మానవ దేహంతో నిలిచిన వరాహ నరసింహుడు. తండ్రి ఆజ్ఞతో సముద్రంలో పడవేయబడిన ప్రహ్లాదుణ్ణి స్వామి ఇక్కడే కాపాడాడని స్థలపురాణం. ఎత్తిపట్టే ఉగ్రత్వానికి ఇంతకంటే తగిన మూర్తి ఏముంటుంది?

ఆ ఉపనిషత్తు సాక్ష్యంగా ఎత్తుకున్న ఋక్కు రుద్రునిది: భయంకర మృగంలా కొట్టే ఉగ్రుణ్ణి స్తుతించమని చెబుతూనే, "మృడా జరిత్రే", పాడేవానిపై దయచూపమని అడుగుతుంది. భాగవతంలోనూ హిరణ్యకశిపు వధానంతరం లక్ష్మీదేవి సైతం దగ్గరకు వెళ్ళలేకపోగా, బ్రహ్మ పంపిన ప్రహ్లాదుడు జంకు లేకుండా వెళ్ళి పాదాలపై వాలాడు. ఉగ్రత్వం ఆ పసివాణ్ణి భయపెట్టలేదు. అది తనకోసమే వచ్చిందని వాడికి తెలుసు.

అందువల్ల చందనం స్వామి కోపానికి వేసిన మూత అని నేననుకోను. ఎండలో పనిచేసి వచ్చిన తండ్రికి పిల్లలు విసనకర్ర వీచినట్లుగా, అది మన చేతనైన సేవ. చందనోత్సవం నాటి రాత్రి సహస్ర ఘటాభిషేకం జరిగాక మొదటి విడతగా మూడు మణుగుల చందనం పూస్తారు. తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగుల చొప్పున సమర్పించగా మొత్తం పన్నెండు మణుగులవుతుంది. చివరి విడత నాటికి, ముందురోజు బయలుదేరిన జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ముగించుకొని వస్తుంటారు. మంత్రాక్షరాల సంఖ్యతో ఆ దూరం కలవడం కాకతాళీయమే కావచ్చు గాని, హనుమంతవాక దాటి సముద్రపు గాలి తగిలేవేళ ఆ మంత్రం ఎత్తుకుంటే నా నోట మొదట పలికేది "ఉగ్రం" అన్న మాటే.