నోటీసు కంటే ముందు ఫోన్ రావాలి

పీజీ రెండో సెమిస్టర్‌లో నాకు డిప్రెషన్ వచ్చింది. ఏడుపు రాలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. ఒకే పేరా ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. స్నానం చేయాలన్నా కొండ ఎక్కినంత భారంగా ఉండేది. క్లాసులకు వెళ్లడం మానేశాను.

హాజరు తగ్గిందని, పరీక్షకు అనుమతి ఉండదని యూనివర్సిటీ నోటీసు పంపింది. ఎందుకు రావడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు. టెన్షన్ ఇంకా పెరిగి గది తలుపు తీయడం కూడా మానేశాను. జబ్బు లక్షణాన్నే విద్యార్థి చేసిన తప్పు కింద లెక్కగట్టే ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఫోన్ చేసి, "నిద్ర పడుతోందా అమ్మా?" అన్నారు. చదువు గురించి అడిగి ఉంటే బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. నిద్ర గురించి అడిగేసరికి అబద్ధం నోటికి రాలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగానే అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు, కానీ అలా జరగదు. నాకైతే ఆ ప్రశ్నతో ఊపిరాడింది.

మేడమే వెంటబెట్టుకుని కౌన్సెలింగ్ సెంటర్‌కి తీసుకెళ్లారు. అక్కడ డిప్రెషన్ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపిస్తే 27కి 19 వచ్చింది. వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపారు. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, 25 ఏళ్ల లోపు వాళ్లలో కొందరికి మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని, అందుకే వారం వారం కనిపించాలని డాక్టర్ చెప్పారు. మొదట వికారం తప్ప ఏమీ తెలియలేదు. ఆ తర్వాత మెల్లగా నిద్ర తిరిగొచ్చింది. మూడ్ బాగుపడ్డాక పని చేద్దామనుకోకుండా, ముందు చిన్న పని ఏదో ఒకటి చేసేయమని కౌన్సెలర్ నేర్పారు. చాలా రోజులు అది బయట కాసేపు నడవడమే.

మందులతో పాటు నన్ను నిలబెట్టింది ఇంకొకటుంది. సెంటర్‌లో ఒకే ఒక్కరు నా ఫైలు చూశారు. ప్రతి కౌంటర్ దగ్గరా నా కథ మళ్ళీ చెప్పుకోనక్కర్లేదు. జబ్బు పేరు రాయకుండా డిపార్ట్‌మెంట్‌కి ఒక్క ఉత్తరం పంపారు. కొన్ని పేపర్లు తర్వాతి సెమిస్టర్‌కి మారాయి, స్కాలర్‌షిప్ ఆగలేదు. డబ్బు ఆగి ఉంటే చదువు వదిలేసి వెళ్లిపోయేదాన్ని. జబ్బుగా ఉన్నప్పుడు ఫీజు, హాస్టల్, పరీక్షల భయం తీర్చడం కూడా వైద్యంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

మానసిక జబ్బుల్లో సగానికి పైగా 25 ఏళ్ల లోపే మొదలవుతాయి. అంటే చాలామందికి మొదటిసారి వచ్చేది మా క్లాసుల్లో కూర్చునే వయసులోనే. అలాంటప్పుడు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఆగమనడం ఏం న్యాయం?

పేపర్లన్నీ పాసయ్యాను. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలన్నారు కాబట్టి మందులు ఇంకా వేసుకుంటున్నాను. హాజరు తగ్గితే నోటీసు కంటే ముందు ఫోన్ చేయాలని విద్యార్థుల కమిటీలో రాసిచ్చాను. మా డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంది. మిగతా డిపార్ట్‌మెంట్లను ఇంకా అడుగుతున్నాం.