వేట లేని రోజుల్లో ఒక గంప

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే ఆ 61 రోజులూ, విశాఖపట్నం చేపల రేవులో మరపడవలు లంగరు వేసుకుని కదలకుండా ఉంటాయి. ఆ వేట నిషేధ నియమం అవసరమైనదే, సముద్రం మిగలాలంటే ఆగక తప్పదు. కానీ ప్రభుత్వం ఇచ్చే భృతి వేటకు వెళ్లేవారికే అందుతుంది. గంప ఎత్తుకుని వీధి వీధీ తిరిగే స్త్రీకి, ఐసు కొట్టే కూలీకి ఆ పద్దులో చోటు లేదన్న బాధ నాకు ఎప్పటి నుంచో ఉంది.

మొన్న ఉదయం రేవు బయట ఎండు నెత్తళ్లు అమ్ముతున్న ఒక పెద్దావిడను చూశాను. బేరం ఇంకా తగలలేదు. అయినా, పని దొరక్క పక్కనే కూలబడిన ఐసు కూలీ కుర్రాడిని పిలిచి, తన సత్తు గిన్నెలోని చద్దన్నం సగం మూతలోకి తీసి, ఉల్లిపాయను అరచేత్తో చితిపి పెట్టింది.

"తిను నాయనా, గంగమ్మ మళ్లీ పిలుస్తాది" అంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని ఊడ్చేసినప్పుడు, కరెంటు లేని ఆ రాత్రుల్లో, ముక్కూ మొహం తెలియని మా వీధివాళ్లు బిందెడు నీళ్లు పంచుకున్న తీరు నాకు వెంటనే జ్ఞాపకం వచ్చింది. పావుకిలో నెత్తళ్లు కొన్నాను. తూకం అయిపోయాక ఆవిడ మరో గుప్పెడు కొసరు వేసింది. వద్దన్నా వినలేదు.